ముప్పై ఒకటో చీటీ

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. వచ్చిన మొదటి రోజే ఎవరో 'ప్రశ్నలమ్మ' అన్నారు, అది కాస్తా అతుక్కుపోయింది. అన్నవాళ్ళ తప్పేమీ లేదు. చేతిలో అట్ట, అట్ట మీద ఎనిమిది పేజీల ప్రశ్నలు, భుజానికి గుడ్డసంచి, సంచిలో తాళం వేసిన చిన్న రేకుపెట్టె. తలుపు తీసిన పాపానికి మనిషిని కూర్చోబెట్టి నలభై నిమిషాల పాటు ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ గారి దగ్గర పన్నెండేళ్ళుగా ఇదే ఆవిడ ఉద్యోగం. జనం ఎవరికి ఓటేస్తారు, ఎందుకేస్తారు, ఒక పార్టీని 'మాది' అని ఎప్పటి నుంచి అనుకుంటారు, అలా అనుకున్నది ఎప్పుడు వదులుకుంటారు? ప్రొఫెసర్ గారు లావుపాటి పుస్తకాలు రాసేది వీటి మీదే. పుస్తకాలు ఆయనవి, అరిగిన చెప్పులు ఈవిడవి. అయినా ఆవిడకు దాని మీద ఏడుపు లేదు. తన పనిలో ఇసుమంత కల్తీ ఉండదన్న గర్వం ఒక్కటి చాలు. ఈ వృత్తిలో మహాపాపం ఒకటుంది. ఎండలో తిరగలేక, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఎవరి జవాబులో తామే నింపేయడం. అలా నింపిన ఇద్దర్ని ఆవిడే పట్టుకుని, వాళ్ళ ఉద్యోగాలు ఊడేదాకా ఊరుకోలేదు. వాళ్ళలో ఒకడు సొంత మేనత్త కొడుకు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆవిడతో మాటల్లేవు.

ఈసారి ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. ఊళ్ళోని వీధులన్నిటికీ చీటీలేసి తీస్తే ఈ వీధి వచ్చింది. వీధిలో నలభై ఇళ్ళు కూడా అలా చీటీల్లో వచ్చినవే. బరిలో ఉన్నవి రెండే పార్టీలు, ఒకటి గొడుగు, రెండోది గంట. అధికారంలో ఉన్నది గొడుగు. ఆ సంగతి ఈ వీధిలో ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ప్రతి ఇంటి మీదా గొడుగు జెండా, ప్రతి దుకాణం అద్దానికీ గొడుగు కాగితం. ఎవరింటి కుక్కకో మెడలో గొడుగు రిబ్బను కూడా కట్టారు. పాపం దానికి ఓటు లేదన్న సంగతి మరిచిపోయినట్టున్నారు. గంట గుర్తు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. నాలుగు కొంపలుంటే ఐదు అభిప్రాయాలుండటం లోకసహజం. వీధి వీధంతా ఒకే మాట మీద ఉందంటే అక్కడ ప్రేమ పొంగిపొర్లుతూనైనా ఉండాలి, భయమైనా ఉండాలి. మొదటి రోజు మధ్యాహ్నానికే ప్రశ్నలమ్మకు అది ప్రేమ కాదని అర్థమైపోయింది. 'ఏ పార్టీ మీకు దగ్గరగా అనిపిస్తుంది' అని అడగ్గానే ప్రతివాళ్ళూ ముందు కిటికీ వైపు చూస్తున్నారు, తర్వాత గొంతు పెంచి జవాబు చెబుతున్నారు.

వీధిని చూసుకునే గొడుగు పార్టీ ఇన్‌చార్జికి ముప్పై ఏళ్ళుంటాయి. మర్యాదకు మారుపేరు. ప్రశ్నలమ్మను 'అక్కా' అన్నాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మా వీధి నలభైకి నలభై అక్కా, మీకు శ్రమే తప్ప కొత్తగా తెలిసేదేమీ ఉండదు, పెద్దాయనకు కూడా అదే చెప్పాను అన్నాడు. పెద్దాయన అంటే ఆ ప్రాంతమంతటికీ వాళ్ళ పార్టీ నాయకుడు. ఆ పేరెత్తినప్పుడు ఇన్‌చార్జి నవ్వు కొంచెం బిగుసుకుంది. ఆ బిగువు చూసి ప్రశ్నలమ్మ టీ సగంలోనే వదిలేసింది.

భయమున్న చోట నిజం రాబట్టడానికి ప్రొఫెసర్ గారు ఒక పద్ధతి పెట్టారు. ప్రశ్నలన్నీ అయిపోయాక మనిషి చేతిలో ఒక చిన్న చీటీ పెడతారు. చీటీ మీద గొడుగు బొమ్మ ఒకటి, గంట బొమ్మ ఒకటి. అడిగినవాళ్ళు మొహం అటు తిప్పుకుంటారు. చెప్పేవాళ్ళు తమ గుర్తు మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టి, మడిచి, రేకుపెట్టెలో వేసేస్తారు. పేరు ఉండదు, సంతకం ఉండదు, పెట్టె తాళంచెవి విశ్వవిద్యాలయంలో ఉంటుంది. కాకపోతే చీటీ వెనక, మూల, సన్నటి అంకె ఒకటి ఉంటుంది. ఆ చీటీని ఎనిమిది పేజీల జవాబులతో కలిపి చూడాలంటే అది ఉండాలి మరి. ఏ అంకె ఏ ఇంటిదో రాసుకున్న పుస్తకం ప్రశ్నలమ్మ సంచి అడుగున ఉంటుంది. నంబరంటే పేరు కాదు కదమ్మా అనేవారు ప్రొఫెసర్ గారు. పన్నెండేళ్ళూ ఆవిడ ఆ మాట నమ్మింది. ఎవరైనా చీటీ తిరగేసి చూస్తే, అది మా లెక్క కోసం లెండి అనేసేది.

ముప్పై ఒకటో ఇల్లు ఇన్‌చార్జిది.

ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడవారగా నడుం ఎత్తున గొడుగు జెండాల గుట్ట, నేలంతా దారం ముక్కలు. ఇన్‌చార్జి తల్లి ఒక మిషను మీద జెండాలకు అంచు కుడుతోంది. కోడలు పక్కన ఇస్త్రీ చేస్తోంది. తల్లి అరవై దాటిన మనిషి, వీధంతా ఆవిడను పెద్దమ్మ అంటుంది. ఏ ఇంట్లోనైనా ఎవరిని అడగాలన్నదానికి కూడా ఒక పద్ధతుంది. వయసొచ్చినవాళ్ళలో ఎవరి పుట్టినరోజు అందరికంటే ఈమధ్య వెళ్ళిందో వాళ్ళనే అడగాలి. ఇన్‌చార్జి పుట్టినరోజుకు వీధి మొదట్లో నిలువెత్తు బొమ్మ పెట్టారు కాబట్టి అది మూడు నెలల కిందటిదని అందరికీ తెలుసు. కోడలిది అంతకంటే ముందే వెళ్ళిపోయింది, పెద్దమ్మ గుర్తింపు కార్డు తీసి చూస్తే పదిహేను రోజులే అయింది. ఆ సంగతి ఆవిడకే గుర్తు లేదు. కొడుక్కి సరేసరి.

"ఆవిడకేం తెలుసక్కా, నేను చెప్తా, రాసుకోండి," అన్నాడు ఇన్‌చార్జి.

లేదు తమ్ముడూ, పద్ధతి పద్ధతే అంది ప్రశ్నలమ్మ. అంతేనా, చుట్టూ ఎవరూ ఉండకూడదు, అందర్నీ బయటికి వెళ్ళమంది. ఈ పట్టుదల మరో సందర్భంలో మెచ్చుకోదగ్గదే. ఆ నిమిషంలో అతని మాట వినేసి ఉంటే మాత్రం ఏ బాధా లేకపోయేది. పద్ధతి కోసం కొరివితో తల గోక్కుంది. గోక్కున్నది తన తల కాదు, అదే అసలు బాధ. ఇన్‌చార్జి నవ్వుతూనే లేచి, పెళ్ళాన్ని తీసుకుని గడప దాటాడు.

పెద్దమ్మ మిషను ఆపలేదు. కాలితో తొక్కుతూనే జవాబులు చెప్పింది. ఆ టకటకలో తన మాట బయటికి పోదని ఆవిడ లెక్క. ఏ పార్టీ మీకు దగ్గరగా అనిపిస్తుంది అన్న ప్రశ్న వచ్చేసరికి ఇంకొంచెం గట్టిగా తొక్కింది. ఆవిడ మొగుడు పాతికేళ్ళు గంట పార్టీ మనిషట. ఆవిడ ఆ జెండాలు కుట్టిందట. అతను పోయాక కొడుకు గొడుగు కిందికి చేరాడు, ఇప్పుడు ఈ జెండాలు కుడుతోంది.

"పార్టీ అంటే పుట్టిల్లు లాంటిదమ్మా," అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా. "వెళ్ళకపోవచ్చు. పేరు కూడా ఎత్తకపోవచ్చు. అసలు లేదంటే మాత్రం నోరు పడిపోతుంది."

ఇంత చక్కగా ప్రొఫెసర్ గారు మూడొందల పేజీల్లో కూడా చెప్పలేదనుకుంది ప్రశ్నలమ్మ. మనసు ఉప్పొంగింది. ముప్పై ఇళ్ళు తిరిగాక దొరికిన మొదటి నిజం అది. చీటీ చేతిలో పెట్టింది. నిజంగా ఎవరికీ తెలియదా అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది. ఎవరికీ తెలియదు పెద్దమ్మా, నాది పూచీ, మీ మనసులో ఉన్నదే పెట్టండి అని చెప్పి, ప్రశ్నలమ్మ గోడ వైపు తిరిగింది. అప్పుడు ఒక్క క్షణం మిషను ఆగింది.

నాలుగో రోజు సాయంత్రానికి నలభై ఇళ్ళూ అయిపోయాయి. ప్రశ్నలమ్మ సామాను సర్దుకుని వీధి చివర బస్సు కోసం నిలబడింది. ఇన్‌చార్జి వచ్చాడు. వెనకాల మోటారు సైకిలు మీద ఇంకొకడు ఉన్నాడు, తలకు హెల్మెట్. వాడు దిగలేదు, హెల్మెట్ తీయలేదు. పెద్దాయన మనిషి అక్కా, ఆ పెట్టె ఒకసారి చూసి ఇస్తారట అన్నాడు ఇన్‌చార్జి. కుదరదు, తాళం కూడా నా దగ్గర లేదు అంది ప్రశ్నలమ్మ. తాళం ఎందుకక్కా అన్నాడు అతను, చాలా మర్యాదగా. ఆ తర్వాత సంచిలోంచి పెట్టె ఎవరు తీశారో, తను ఇచ్చిందో వాళ్ళే తీసుకున్నారో ఆవిడకు సరిగా గుర్తు లేదు. పుస్తకం మాత్రం సంచి అడుగున, తువ్వాలు కింద ఉండిపోయింది. దాని గురించి వాళ్ళకు తెలియదనుకుంది.

బస్సు ఎక్కకుండా లాడ్జి గదికి తిరిగి వెళ్ళి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది. ఆయన ముందు పుస్తకం ఎక్కడుందని అడిగారు. నా దగ్గరే ఉందండి అంది. పొద్దున్న మొదటి బస్సుకు వచ్చెయ్యి, ఎవరితోనూ మాట్లాడకు, పుస్తకం చేజారనివ్వకు అన్నారు. ఆయన గొంతు కూడా వణికింది. ఇంతకాలం ఆయన గొంతు ఉపన్యాసాల్లో తప్ప వినలేదు కాబట్టి, అది వణకగలదని ఆవిడకు తెలియదు. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుంది. పెట్టె ఈపాటికి పగలగొట్టి ఉంటారు. నలభై చీటీలు బల్ల మీద పరిచి ఉంటారు. ముప్పై తొమ్మిది గొడుగులే అయి ఉంటాయి, పెద్దమ్మ తప్ప చీటీ తిరగేసి చూడనివాళ్ళు ఆ వీధిలో లేరు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా అని వీధి వీధంతా ఆవిడకు అబద్ధమే చెప్పింది, నంబర్లు చూసి మరీ అబద్ధం చెప్పింది. చదువుకున్నవాళ్ళు అమాయకులు, చదువులేనివాళ్ళు తెలివైనవాళ్ళు. ఆవిడ మాట నమ్మి, ఆవిడ పూచీ మీద నిజం పెట్టిన పిచ్చిది ఆ వీధిలో ఒక్క పెద్దమ్మే.

పొద్దున్న బస్సుకు వెళ్ళాలంటే ఆ వీధి మొదలు దాటుకునే వెళ్ళాలి. అక్కడ గడియారాలు బాగుచేసే ఆయన దుకాణం ఉంది. ఇవాళ దుకాణానికి తలుపు లేదు. అద్దాల బీరువా బోర్లా పడి ఉంది, నేలంతా గాజుముక్కలు, ముళ్ళు, చక్రాలు. ఆయన మధ్యలో గొంతుక్కూర్చుని, వాచిపోయిన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో చిన్నచిన్న మరలు ఏరి గ్లాసులో వేసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట గంట పార్టీ ఊరేగింపుల్లో ముందు నడిచిన మనిషి ఆయన. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి, నలభైలో ఒక్కటి తేడా వచ్చిందనగానే ముందు ఆయన దగ్గరికే వచ్చారు. అడగడానికి ముందే కొట్టడం వాళ్ళ పద్ధతి.

"నేను గొడుక్కే పెట్టానమ్మా," అన్నాడాయన, ఆవిడ మొహం చూడకుండా. "సిగ్గు చంపుకుని గొడుక్కే పెట్టాను. మీ పుస్తకంలో ఉంటుంది కదా, ఒక్కసారి చూపించండి వాళ్ళకి. మధ్యాహ్నం మళ్ళీ వస్తామన్నారు."

పుస్తకం ఉందని ఆయనకెలా తెలుసు? నంబరు చూసిన ప్రతివాడికీ తెలుసు. తెలియందల్లా ఆవిడకే.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పుస్తకం దాచేస్తే ఈయన ప్రాణం పోతుంది. చూపిస్తే పెద్దమ్మ పని అయిపోతుంది. బస్టాండు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. బస్సు ఎక్కేస్తే మాత్రం ఎవరికేమయిందో తనకు తెలియను కూడా తెలియదు, అదొక్కటే సుఖం. ఆ సుఖం కావాలని ఆవిడ మనసు ఎంత పీకిందో చెప్పలేం. రెండడుగులు వేసింది కూడా. అప్పుడు వెనకనుంచి మోటారు సైకిలు చప్పుడు వినబడింది. హెల్మెట్ మనిషి పక్కన ఆపి, ఇన్‌చార్జి రమ్మంటున్నాడు అన్నాడు. ఆవిడ నడుస్తుంటే, అంత పెద్ద బండిని నడక వేగంతో, ఆవిడ మడమల వెనకే తోలుకొచ్చాడు.

ముందు గదిలో పెద్దమ్మ మిషను మీదే ఉంది. కోడలు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడి ఉంది, పెట్టె కింద గుడ్డ లేదు. ఇన్‌చార్జి చేతిలో చీటీ ఉంది. రాత్రంతా కన్ను మూసినట్టు లేడు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. హెల్మెట్ మనిషి లోపలికి రాకుండా గడప మీద, వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇన్‌చార్జి మాట్లాడేముందు ఒకసారి అటు చూశాడు. అప్పుడు ప్రశ్నలమ్మకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ గదిలో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఇతనే. నలభైకి నలభై అని పెద్దాయనకు మాటిచ్చి, ఒకటి తక్కువ తెచ్చినవాడు.

"వెనకాల నంబరుంది అక్కా, ముప్పై ఒకటి," అన్నాడు. "నంబరున్న చోట పుస్తకం ఉంటుంది. ఎవరిది ఇది? ఆ గడియారాలవాడిదే కదా?"

అవునని తలాడిస్తే చాలు. గదిలో అందరూ అదే కోరుకుంటున్నారు. కానీ ఇన్‌చార్జి చేయి అప్పటికే సంచి వైపు చాచి ఉంది. అతను పుస్తకం తెరిస్తే పన్నెండో నంబరు ఎదురుగా గడియారాలాయన, ముప్పై ఒకటో నంబరు ఎదురుగా అతని సొంత గుమ్మం కనబడతాయి. అతను తెరవకపోయినా గడప మీద ఉన్నవాడు తెరుస్తాడు. ప్రశ్నలమ్మ సంచి గుండెకు హత్తుకుంది. పుస్తకం తనే తీసింది, తనే పేజీ తిప్పింది.

"ముప్పై ఒకటి మీ ఇల్లే తమ్ముడూ."

మిషను ఆగిపోయింది. ఇన్‌చార్జి మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లి వైపు చూడటానికి మెడ తిప్పబోయి, తిప్పలేకపోయాడు. గడప మీది మనిషి మాత్రం పెద్దమ్మ వైపే చూస్తున్నాడు. హెల్మెట్ అద్దం వెనక కళ్ళు కనబడటం లేదు గానీ తల అటే తిరిగి ఉంది. పెద్దమ్మ చేతులు గుడ్డ మీద అలాగే ఉండిపోయాయి, సూది ఆమె వేలికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"కానీ అది పెట్టింది మీ అమ్మగారు కాదు," అంది ప్రశ్నలమ్మ. "నేను."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆవిడకు తెలియదు. పెద్దమ్మ నాకు ఇవన్నీ తెలియవు పొమ్మందని, చీటీ ముట్టుకోనే లేదని, ఒక ఇల్లు తగ్గితే ప్రొఫెసర్ గారు చివాట్లు పెడతారని తనే పెట్టేశానని చెప్పింది. మరి గంట మీద ఎందుకు పెట్టావని గడప మీది మనిషి ఆ ఇంట్లో మొదటిసారి గొంతు విప్పాడు. నలభైకి నలభై ఒకేలా ఉంటే పైవాళ్ళు నమ్మరండి, ఇంట్లో కూర్చుని నింపాననుకుంటారు, ఒక్కటి తేడాగా ఉంటే సహజంగా ఉంటుందని పెట్టాను అంది. ఆ లెక్క వాడికి బాగా నచ్చింది. దొంగకు దొంగ బుద్ధి తెలుస్తుందంటారు. వాడు నవ్వాడు. హెల్మెట్ లోపలి నుంచి వచ్చిన నవ్వు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

ఇన్‌చార్జి నవ్వలేదు. ఇప్పుడు తల్లి వైపు చూశాడు. చూపు ఒక క్షణం ఎక్కువే నిలిచింది. అతనికి తెలిసిపోయిందని ప్రశ్నలమ్మకు అర్థమైంది. తండ్రి పాతికేళ్ళు ఏ పార్టీలో ఉన్నాడో, ఈ మిషను మీద ఏ జెండాలు కుట్టారో తెలియని పిల్లాడేం కాదు. కానీ గడప మీద మనిషి ఉన్నాడు. ఇన్‌చార్జి అటు తిరిగి, "మా అమ్మ ఎందుకు పెడుతుంది? నేను ముందే అనుకున్నా," అన్నాడు.

హెల్మెట్ మనిషి కాగితం అడిగాడు. ఆవిడ చేత్తోనే రాయించాడు. ముప్పై ఒకటో ఇంటి చీటీ నేనే నింపాను అని రాసి సంతకం పెట్టింది. వాడు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దాయనకు పంపాడు. తర్వాత మీ ప్రొఫెసర్ నంబరు చెప్పమన్నాడు. చెప్పింది. ఆయనకూ పంపాడు. ఒక్క చీటీ దొంగదైతే నలభై చీటీలూ, వాటి వెనక పన్నెండేళ్ళుగా ఆవిడ తెచ్చినవన్నీ దొంగవేనంటారు. అనాలి కూడా, మేనత్త కొడుకు విషయంలో ఆవిడ అన్నది అదే కదా. ఫోన్ టింగుమంది, కాగితం వెళ్ళిపోయింది. ఉద్యోగం పోయినందుకు ఆవిడకు ఏడుపు రాలేదు. పెద్దమ్మ వేలు సూది కింది నుంచి పక్కకు జరిగింది, అది చాలనిపించింది. ఇక గడియారాలాయన జోలికి కూడా పోరు. బస్సు తప్పిపోయింది గానీ ఇంకో బస్సు ఉంటుంది.

అక్కడితో అయిపోయిందనుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది.

"మరి ఈవిడ చీటీ?" అన్నాడు హెల్మెట్ మనిషి.

ఎవరికీ అర్థం కాలేదు. వాడు విడమర్చి చెప్పాడు. ఇది మీరు పెట్టినదైతే ఈవిడది ఇంకా పడలేదన్నమాట. ముప్పై తొమ్మిదే ఉన్నాయి. నలభై కావాలి కదా పెద్దాయనకు. ఇప్పుడు పెట్టించండి, నేను చూసి వెళ్తాను. ఇంత చెప్పి, మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి, మిషను పక్కన నిలబడ్డాడు.

ప్రశ్నలమ్మ సంచిలో మిగిలిన చీటీల కట్ట నుంచి ఒకటి తీసింది. మిషను బల్ల మీద, జెండా గుడ్డ పక్కకు జరిపి, పెద్దమ్మ ముందు పెట్టింది. పెన్సిల్ ఇచ్చింది. ఎవరూ బయటికి వెళ్ళలేదు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. కోడలు ఇస్త్రీపెట్టె కింద పెట్టేసి పమిట నోట్లో కుక్కుకుంది.

పెద్దమ్మ చీటీ వైపు చాలాసేపు చూసింది. చూపు ఆనడం లేదేమోనన్నట్టు దగ్గరికి వంగింది. పెన్సిల్ కొన రెండు బొమ్మలకూ మధ్య, గాలిలో నిలబడింది. ప్రశ్నలమ్మకు ఆ ముసలి మనిషి మొండితనం మీద భయం పట్టుకుంది. పుట్టిల్లు లేదంటే నోరు పడిపోతుందన్న మనిషి. ఇంతమందీ ఇన్ని అబద్ధాలాడి మోసుకొచ్చినదాన్ని ఒక్క టిక్కుతో నేలపాలు చేయగలదు. చేస్తుందేమో. ఇన్‌చార్జి కూడా అదే అనుకుంటున్నాడని అతని కణతల మీద కదులుతున్న నరం చెబుతోంది. 'అమ్మా' అనబోయి ఆగిపోయాడు. తను చెబితే పక్కన ఉన్నవాడికి అనుమానం వస్తుంది.

ఎవరో ఒకరు చెప్పాలి. ఏది పెట్టాలో పెదవి విప్పి చెప్పడం, కనుబొమ్మ ఎగరేయడం కూడా ఈ వృత్తిలో తప్పు. పన్నెండేళ్ళలో, వేల గుమ్మాల్లో, ప్రశ్నలమ్మ ఆ తప్పు ఒక్కసారి కూడా చేయలేదు.

"గొడుగు మీద పెట్టండి పెద్దమ్మా," అంది.

పెద్దమ్మ తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూసింది. కోపం లేదు, నింద లేదు. పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని చూసినట్టు చూసింది. తర్వాత వంగి, గొడుగు మీద, చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు నెమ్మదిగా, గట్టిగా టిక్కు పెట్టింది. చీటీ మడవలేదు. మడవాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

"ఈ ముక్క మొన్ననే చెప్పి ఉంటే పోయేది కదమ్మా," అంది.

హెల్మెట్ మనిషి పకపకా నవ్వాడు. ఇన్‌చార్జి కూడా నవ్వాడు. పెద్దమ్మ గుడ్డ సర్దుకుని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. వెళ్ళొస్తానని ప్రశ్నలమ్మ రెండుసార్లు చెప్పింది గానీ, ఆ చప్పుడులో పెద్దమ్మకు వినబడలేదు.